డెల్మర్ పిన్నులు

మా పాంథర్ వాగు రేవులో ఒక మర్యాద ఉంది. బాతుల వేట నుంచి ఏ పడవ తిరిగొచ్చినా, ఒడ్డున నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు వంగి దాని తాడు అందుకుంటారు. వచ్చినవాడు పక్కింటివాడా, పగవాడా అని చూడరు. ముందు పడవ కట్టేస్తారు. తన్నుకునేది ఉంటే ఆ తర్వాత తన్నుకుంటారు.

కిందటి నవంబరులో వేట మొదలైన రోజున గార్లండ్ ప్రూయిట్ తాడు కూడా అలాగే అందుకున్నారు. అందుకున్నది మా మామగారు ఆర్విల్. అప్పటికి ఆయన కొడుకు, నా మొగుడు డెల్మర్, వాగు మలుపులో, ఎవరికీ కనపడకుండా ఒడ్డు పొదల కిందికి పోయిన బోర్లా పడవ పక్కన నీళ్లడుగున ఉన్నాడు. రొమ్ముదాకా వచ్చే రబ్బరు బూట్లలో నీళ్లు నిండితే ఎంత ఈతగాడైనా పైకి లేవలేడు. ఆ సంగతి మామగారికి తెలియదు. గార్లండ్‌కి తెలుసు. వాడు మెడ చుట్టూ పచ్చతల బాతులు వేలాడదీసుకుని ఒడ్డుకు దిగి, "డెల్మర్ ఇంకా రాలేదా?" అని అడిగాడు.

"చీకటి, మోటారు మోత. నాకేం కనపళ్లేదు, ఏం వినపళ్లేదు," అని తర్వాత షెరీఫ్‌తో చెప్పాడు. షెరీఫ్ అది ప్రమాదమని తేల్చేశాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి క్షమించమన్నారు. గార్లండ్ స్వయంగా పంది తొడ కాల్పించి పంపాడు. దాన్ని కుక్కకు వేశాను. కుక్కకు పౌరుషం లేదు, తినేసింది.

వాగు మలుపు ఎంత ఇరుకో ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అక్కడ ఒక పడవను ఇంకో పడవ దాటాలంటే భుజాలు రాసుకోవలసిందే. డెల్మర్‌ది పాత రేకు పడవ, చిన్న మోటారు. అందుకే అందరికంటే ముందు బయలుదేరేవాడు. గార్లండ్‌ది ఏనుగంత పడవ. దాని అలకు రేకు పడవ బోర్లా పడుతుందని చిన్నపిల్లలైనా చెబుతారు. అయినా ఊరు నోరు మూసుకుంది. ధాన్యం ఆరబెట్టే మిల్లు గార్లండ్‌దే మరి. సగం ఊరికి అక్కడే పని.

ఆ చలికాలమంతా నేను రేవులో నిలబడి చూశాను. వాడి పడవ వచ్చిన ప్రతిసారీ ఎవడో ఒకడు వంగి తాడు అందుకునేవాడు. వాడు డెల్మర్‌ను ముంచి, డెల్మర్ వేటాడే మడుగులోనే కూర్చుని, డెల్మర్ బాతుల్నే కొట్టుకొస్తున్నాడు. వీళ్లు వాడి తాడు పడుతున్నారు. ఈ మనిషి ఉసురు తీస్తే తప్ప నాకు నిద్రపట్టదని అప్పుడే అనుకున్నాను.

అసలు ఆ మడుగుకు దారి గార్లండ్‌కు ఎలా తెలిసిందో చెప్పాలి.

మా అడవి ఎండాకాలమంతా పొడిగా ఉంటుంది. ఓక్ చెట్ల కింద నడిచి తిరగొచ్చు. చలికాలం ముందు వాగు మీది అడ్డుకట్ట తలుపులు దించేస్తారు. నీళ్లు మెల్లగా చెట్ల మధ్యకు ఎక్కి నడుముదాకా నిలుస్తాయి. ఓక్ కాయల కోసం ఉత్తరాది నుంచి బాతులు దిగుతాయి. చెట్లు కాస్త ఎడంగా ఉన్నచోటే అవి వాలుతాయి, ఆ చోటునే మడుగు అంటాం. తెల్లవారకముందే ఎవడు ముందు చేరితే ఆ రోజుకు ఆ మడుగు వాడిది. చీకట్లో నీళ్లమీద ఏ చెట్టయినా ఒకలాగే ఉంటుంది కాబట్టి, అడవి పొడిగా ఉన్నప్పుడే ఎవరికి వాళ్లు వెళ్లి, లైటు పడితే మెరిసే పిన్నులు చెట్లకు గుచ్చి దారి గుర్తు పెట్టుకుంటారు.

డెల్మర్ పిన్నులకు నా గోళ్ల రంగు వేసేవాడు, ఎర్రది. అలా అయితే ఇంకొకరి పిన్నులతో కలిసిపోవని. ఒక పిన్ను ఉంటే నేరుగా వెళ్లు. రెండుంటే తర్వాతి పిన్ను మెరిసిన వైపుకు తిరుగు. మూడుంటే ఆగు, మడుగు వచ్చేసింది. మా ఇంటి ఆడదాన్ని నన్ను వదిలేస్తే, ఈ లెక్క తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు డెల్మర్. రెండోవాడు, అంతకుముందు వాడితో ఒకే పడవలో వేటకెళ్లిన గార్లండ్. గార్లండ్ సొంత పడవ కొనుక్కున్నాక స్నేహం పోయింది, లెక్క మాత్రం వాడి దగ్గర ఉండిపోయింది.

ఈ ఏడు అక్టోబరు రాగానే నేను డెల్మర్ సంచీ దించాను. పిన్నుల డబ్బా, నిచ్చెన స్టూలు, గోళ్ల రంగు సీసా. ప్రతి ఏడూ వాన తాకిడికి రంగు పొలుసులుగా రాలిపోతుంది, మళ్లీ పూయాలి. నీళ్లెక్కాక పడవలో కూర్చున్నవాడి కంటికి ఆనాలి కాబట్టి పిన్నులు ఎత్తులో ఉంటాయి. స్టూలెక్కి ఒక్కొక్కదానికీ రంగు పూసుకుంటూ వెళుతున్నాను. కొంతదూరం పోయాక దారి పొడుగునా కొమ్మలు కోసేసి కనిపించాయి. రంపం కోత, ఇంకా పచ్చిగా ఉంది. డెల్మర్ ఏ కొమ్మనూ కోసేవాడు కాదు, చిన్న పడవకు అవసరం లేదు. పెద్ద పడవ పట్టాలని ఎవడో దారి వెడల్పు చేశాడు.

ఆ ఎవడో నా ఎదురుగానే ఉన్నాడు, చేతిలో రంపంతో.

"ఏం చెల్లెమ్మా, నువ్వెందుకు శ్రమ పడటం?" అన్నాడు గార్లండ్. నన్నెప్పుడూ అలాగే పిలుస్తాడు. వాడి నోట ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. "డెల్మర్ మడుగు పాడుపడకుండా నేను చూసుకుంటున్నాగా."

"రంగు పోయింది, వేస్తున్నా."

"మంచి పని. పోయినేడు రెండుమూడు చోట్ల సరిగ్గా కనపళ్లేదు, తడుముకోవాల్సొచ్చింది."

"ఈసారి బాగా కనపడతాయ్‌లే."

"నువ్వు మనసు గట్టి చేసుకున్నావ్, సంతోషం. నీ బాతుల వాటా ఇంటికి పంపిస్తాలే."

"అలాగే," అన్నాను. వాడు వెళ్లాక స్టూలు మీదే కూర్చుని, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, మళ్లీ లేచి రంగు పూశాను.

ఆ రోజు సాయంత్రం షెడ్డులో మామగారు నిజం బాతుల్ని దింపడానికి నీళ్లమీద వదిలే బొమ్మ బాతులకు రంగులు దిద్దుతున్నారు. కొడుకు లేడు, ఆయన మోకాళ్లు వేటకు పనికిరావు, ఎవరి వేటకో తెలియదు, అయినా అక్టోబరు వస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆడ బాతుల రెక్కలకు నీలం గీత గీస్తూ ఉన్నారు. నేను ఎదురుగా కూర్చుని నా ఆలోచన చెప్పేశాను.

"రెండు పిన్నులున్న చెట్టు దగ్గర ఎడమకు తిరగాలి కదా మామయ్యా. నేను దాన్ని కుడికి మారుస్తా. కుడివైపు పాత వాగు పాయ ఉంది. ఎంత లోతో నీకు తెలుసు. వాడు వచ్చేది ఎలాగూ ఒళ్లు తెలియని వేగంతోనే. మూడు పిన్నులు ఆ పాయ అవతల ఒడ్డున పెడతా. మడుగొచ్చిందనుకుని బూట్లతో దిగుతాడు."

మామగారు కుంచె ఆపలేదు. "దిగుతాడు. తర్వాత?"

"తర్వాతేముంది? డెల్మర్‌కు అయిందే వాడికీ అవుతుంది."

"ఊరేమంటుంది?"

"ప్రమాదం అంటుంది. ఆ మాట అనడం ఊరికి బాగా అలవాటేగా."

ఆయన బొమ్మ బాతును పక్కనపెట్టి ఇంకోటి తీసుకున్నారు. నాకు అడ్డం చెబుతారేమో, పాస్టరుగారి మాటలు ఎత్తుతారేమో అని ఒళ్లు మండిపోతోంది.

"నెల్డా, నువ్వా పని చేస్తే నేనేం అడ్డం రాను," అన్నారు చివరికి. "కానీ నాకొకటి కావాలి. ఆ రోజు వాడి తాడు పట్టింది నేను. ఈ చేతుల్తోనే పట్టా. నా పిల్లాడు వాణ్ని పిలిచాడా లేదా? వాడు విని కూడా పోయాడా? అది తెలిసినోడు ఈ భూమ్మీద వాడొక్కడే. నువ్వు వాణ్ని పాయలో కూలిస్తే ఆ ముక్క కూడా వాడితోపాటే అడుక్కి పోద్ది. పైగా చచ్చినోణ్ని ఊరు మంచోడంటది. వాడి పేరు మీద ఆ రేవుకో బల్ల కూడా వేస్తారు."

నేను బల్ల గురించి ఆలోచించాను. రేవులో గార్లండ్ పేరు చెక్కిన బల్ల, దానిమీద జనం కూర్చుని కాఫీ తాగడం.

"అయితే వాడి నోటితోనే చెప్పించాలి," అన్నాను.

"మనిద్దరి ముందు చెబితే లాభం లేదు. రేపు కాదంటాడు."

"అందరూ వినాలి."

మామగారు తలెత్తి నా వంక చూశారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. "చర్చి," అన్నారాయన.

అడవి నడుమ సైప్రస్ చెట్ల దిబ్బ ఒకటి ఉంది, దాన్ని మావాళ్లు చర్చి అంటారు. చుట్టూ గుండ్రంగా ఓక్ చెట్లు, మధ్యలో లావు లావు సైప్రస్ మానులు. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడినా చుట్టుపక్కల మడుగులన్నిటికీ వినపడుతుంది. అందుకే ఏ వేటగాడూ అక్కడ నిలబడడు. వేట మొదలయ్యే సమయం కాకముందు అడవిలో ప్రతివాడూ చెట్టుకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, బాతుల రెక్కల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటాడు. అంత నిశ్శబ్దం ఆదివారం ప్రార్థనలో కూడా ఉండదు. పైగా ఆ దిబ్బ చుట్టూ నీళ్లకింద జానెడు లోతులో పడిపోయిన మానులు అడ్డదిడ్డంగా ఉంటాయి. వేగంగా వచ్చిన పడవ వాటిమీదికి ఎక్కిందంటే దిగదు.

నవంబరుకల్లా నీళ్లెక్కాయి. వేట రేపనగా ఊరంతా పాఠశాల మైదానంలో చేరుతుంది. బాతు మాంసంతో గంబో అనే చిక్కటి పులుసు వండే పోటీలు, బాతు కూతలా పలికే పీకలు ఊదే పోటీలు. గార్లండ్ ఏటా అక్కడ పెద్ద గరిటె పట్టుకుని నిలబడతాడు. ఆ మధ్యాహ్నం వాడు జనానికి గంబో వడ్డిస్తూ ఉండగా నేను డెల్మర్ రేకు పడవలో అడవిలోకి వెళ్లాను. మొదటి సగం దారిలో ఏమీ ముట్టుకోలేదు. రెండు పిన్నుల చెట్టు దాకా వచ్చాక, ఎడమవైపు దారిలోని పిన్నులన్నీ ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసుకున్నాను. వాటిని కుడివైపు, పాయకు ఇవతలగా, చర్చి దారిలో గుచ్చుకుంటూ పోయాను. మూడు పిన్నులూ సరిగ్గా ఆ మునిగిన మానులకు అవతలున్న సైప్రస్ చెట్టుకు పెట్టాను. నా మొగుడి పిన్నులు, నా గోళ్ల రంగు. ఏ చెట్టుకు గుచ్చుతానో నా ఇష్టం.

వాడికి అనుమానం వస్తుందేమోనన్న భయం నాకు లేకపోలేదు. కానీ డెల్మర్ ఎండల్లో ఆ అడవంతా కాలినడకన తిరిగి మడుగు కనిపెట్టాడు, చెట్టు చెట్టూ తనకు తెలుసు. గార్లండ్ ఏనాడూ చెట్లు చూడలేదు. వాడికి తెలిసింది పిన్నులే.

మర్నాడు నేను రేవు నుంచి వెళ్లలేదు. మా వరిపొలం గట్టు అడవికి ఆనుకునే ఉంటుంది. అక్కడ పడవ దించి, మోటారు వేయకుండా గెడతో నెట్టుకుంటూ చర్చి చేరి, లావుపాటి మాను చాటున లైటు తీసేసి కూర్చున్నాను. మామగారు రేవులో ఉండిపోయారు. "నాకు అక్కడ పనుంది," అన్నారు.

రేవు నుంచి పడవలు బయలుదేరిన మోత దూరంగా వినిపించింది. ఒక్కొక్క మోటారూ ఒక్కొక్క మడుగు దగ్గర ఆగిపోయింది. ఒక్కటి మాత్రం ఆగకుండా నావైపే వస్తోంది. ఏటా వాడొక్కడే ముందు దూసుకొచ్చి మడుగు పట్టుకుంటాడు, వాడితో వేటాడేవాళ్లు తెల్లవారాక తీరిగ్గా వస్తారు. చెట్ల మధ్య వాడి లైటు కనపడింది. పిన్ను తర్వాత పిన్ను వెతుక్కుంటూ, తప్పకుండా, నేను గుచ్చిన దారినే వచ్చాడు.

పడవ ముక్కు మానుల మీదికి ఎక్కిన చప్పుడుకు అడవి అదిరింది. మోటారు ఒక్క కేక పెట్టి చచ్చిపోయింది. ముక్కు పైకి లేచింది, వెనకభాగం కుంగింది. పడవ అంచు మీదుగా నీళ్లు లోపలికి దిగడం నాకు వినిపించింది. వాడు బూతులు తిట్టి, నెట్టి చూసి, మళ్లీ తిట్టి, చివరికి అరిచాడు.

"ఎవరైనా ఉన్నారా?"

దూరంగా ఏదో మడుగులోంచి ఒక గొంతు విసుక్కుంది. "నోరు ముయ్యరా బాబూ, బాతులు బెదురుతాయ్."

అప్పుడు నేను లైటు వేశాను.

"ఎవరది?"

"నేనే, నెల్డాని."

"అమ్మయ్య. చెల్లెమ్మా, తాడు వెయ్. వెనకనుంచి నీళ్లొచ్చేస్తున్నాయ్."

"వేస్తా. ఒక్క మాట చెప్పు. కిందటేడు మలుపు దగ్గర డెల్మర్ నిన్ను పిలిచాడా?"

"ఇప్పుడా ఆ మాట?"

"ఇప్పుడే కదా నీకు తీరిక దొరికింది."

"నాకేం వినపళ్లేదని అప్పుడే చెప్పాగా. తాడు వెయ్ ముందు."

నేను ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసుకున్నాను. వాడు లైటు నామీదికి తిప్పి కాసేపు చూశాడు.

"కాఫీ తాగుతున్నావా?"

"చలిగా ఉంది."

"నెల్డా, ఆటలాడకు. పడవ జారిపోతోంది. బూట్లలోకి నీళ్లొస్తున్నాయ్."

"వస్తాయ్. డెల్మర్‌కీ వచ్చాయ్."

పడవ ఇంకాస్త కుంగింది. వాడు ముక్కుమీదికి పాకి మానును కావలించుకున్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. నాకు వాడిమీద రవ్వంత జాలి కూడా కలగలేదు. కలుగుతుందేమో చూశాను, కలగలేదు.

"విన్నా," అన్నాడు.

"గట్టిగా చెప్పు. నాకూ వినపడట్లేదు."

"విన్నానే. పేరు పెట్టి పిలిచాడు. గార్లండ్, గార్లండ్ అని." ఆ మాట సైప్రస్ మానులకు తగిలి గుండ్రంగా తిరిగింది.

"మరెందుకు ఆగలేదు?"

"వెనకాల పడవలొస్తున్నాయ్. ఆగితే మడుగు పోద్ది. వాళ్లు చూసి ఎత్తుతార్లే అనుకున్నా."

"ఎత్తారో లేదో తర్వాత వెళ్లి చూశావా?"

నేను తాడు చుట్ట తీసి ఒళ్లో పెట్టుకున్నాను, వాడికి కనపడేలాగ.

"చూశావా?"

"లేదు," అన్నాడు. "ఆ రోజు బాతులు బాగా దిగుతున్నాయ్."

ఏడాదిగా ఎన్నో ఊహించుకున్నాను. భయపడ్డాడేమో, తాగి ఉన్నాడేమో, నిజంగానే కనపడలేదేమో. ఇంత చిన్న కారణం మాత్రం నాకు ఎప్పుడూ తోచలేదు.

అప్పుడు ఓక్ చెట్ల మధ్య ఒక లైటు వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. ఎడమవైపు, కుడివైపు, వెనక, ప్రతి మడుగులోనూ తలలకు కట్టుకున్న లైట్లు వెలిగి, ఒక్కొక్కటే చర్చివైపు తిరిగాయి. గార్లండ్ మానును పట్టుకునే చుట్టూ చూశాడు.

"ఎవరు?" అన్నాడు. "ఎవరెవరున్నారు?"

ఎవరూ పలకలేదు. లైట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

నేను తాడు విసిరాను. మంచితనంతో కాదు. వాడు బతకాలి. ఆ మాట అన్న నోటితో ఈ ఊళ్లో తింటూ, ఈ వీధుల్లో తిరుగుతూ, ప్రతి నవంబరులోనూ బతికే ఉండాలి. తాడు వాడి పడవకు తగిలించి, నా చిన్న మోటారుతో వెనక్కి లాగి మానుల మీద నుంచి దించాను. వాడు టోపీతో నీళ్లు తోడుకున్నాడు. మోటారు పనికిరాకుండా పోయింది.

"రేవుదాకా లాక్కెళ్లు నెల్డా," అన్నాడు.

"తెడ్డుందిగా," అన్నాను, తాడు విప్పుకుంటూ.

తెల్లవారింది. వేట సమయం అయింది. ఎక్కడో ఒకటీ అరా తుపాకులు పేలాయి, అంతే. ఆ రోజు చాలామంది పెందలాడే వెనక్కి వచ్చేశారు. నేను రేవు చేరేసరికి మా మామగారు వంగి నా తాడు అందుకున్నారు. ఎవరో అప్పటికే ఆయనకు మాట మాటా చెప్పేశారని మొహం చూడగానే తెలిసింది. పడవ కట్టేసి మళ్లీ వెళ్లి రేవు చివర నిలబడ్డారు.

పొద్దు బాగా పైకొచ్చాక గార్లండ్ వచ్చాడు, తెడ్డు వేసుకుంటూ, వంగిపోయి. ఒడ్డంతా జనం. మిల్లులో పనిచేసేవాళ్లు ఉన్నారు, షెరీఫ్ తమ్ముడు ఉన్నాడు, కిందటేడు వాడి తాడు పట్టిన ప్రతివాడూ ఉన్నాడు. వాడు ఎవరి కళ్లలోకీ చూడలేదు. అలవాటు కొద్దీ తాడు చుట్టి, ముందు నిలబడ్డ మనిషివైపు విసిరాడు.

ముందు నిలబడ్డది మా మామగారు. ఆయన చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. తాడు ఆయన బూటు మీద పడి, జారి నీళ్లలోకి పోయింది. గార్లండ్ దాన్ని లాక్కుని, తడితాడు పక్కనున్నవాడివైపు విసిరాడు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకోవైపు విసిరాడు. అక్కడా ఎవరూ వంగలేదు.

వాగు మెల్లగా పడవను రేవు నుంచి పక్కకు లాక్కుపోతోంది. వాడు కొంతసేపు తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత బూట్లతో నీళ్లలోకి దిగి, పడవను తనే లాక్కుంటూ ఒడ్డుకు రావడం మొదలుపెట్టాడు. మేమంతా నిలబడి చూశాం.